కరుణామయునికి మాటలు వ్రాసినవాడు

క్రిస్మస్ సమీపించగా ‘కరుణామయుడు’ చిత్రము మనకు జ్ఞాపకము వచ్చును. 1978 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రమున ప్రభువుగా నటించిన విజయచందర్‌ను అందరు ఎరుగుదురు. మాటలు వ్రాసిన మోదుకూరి జాన్సన్‌ను ఎరిగినవారు కొందరే. ఆయన మన పామర్రుకు కృష్ణానది ఆవలనున్న గుంటూరు జిల్లావాడు. ‘నటనాలయము’ నాటకముతో పేరొందెను. ప్రభువు సిలువ మోయు ఘట్టమునకు ‘కదిలింది కరుణరథం’ అను పాట వ్రాసెను. ఊరి రథము కదలుట చూచిన పల్లెవారికి ఆ శ్రమలమార్గము తమ మాటలోనే బోధపడెను. పిమ్మట ఆ చిత్రము ఇతర భారతీయ భాషలలోనికి మార్చబడి, పల్లెలలో తెరకట్టి చూపబడెను. జాన్సన్ 1988లో గతించెను.

బేత్లెహేము కాపరులకు శుభవార్త గ్రంథములో కాక చెవికే అందెను (లూకా 2:8-14). మన పొరుగున చదువురానివారికి మనము దానిని వారి మాటలో వినిపించుచున్నామా?