కడలి లోతున మెరుపు

కోనసీమలోని అంతర్వేది వద్ద వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. వరదకాలంలో అక్కడి నీరు ఒండ్రుమట్టితో ఎర్రబారి, కొద్ది లోతున ఉన్న వస్తువు కూడా కంటికి కనిపించదు. నీరు తేటగా ఉండే నడిసముద్రంలోనైనా లోతుకు పోయేకొద్దీ సూర్యకాంతి క్షీణిస్తుంది. మొదట ఎరుపు, పిదప పసుపు మాయమై, నీలిమ మాత్రమే మిగులుతుంది. అటుపై అంతా అంధకారమే. ఆ అంధకారంలోనికి మెరుపును పంపిన శాస్త్రవేత్త హెరాల్డ్ ఎడ్గర్టన్.

ఆయన 1903 ఏప్రిల్ 6న అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, ఫ్రీమాంట్ పట్టణంలో జన్మించారు. సముద్రతీరం ఎరుగని ఆ మైదాన ప్రాంతంలోనే పెరిగి, 1925లో విద్యుత్ ఇంజనీరింగు పట్టా పొందారు. తరువాత మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, 1931లో డాక్టరేటు సాధించారు. అక్కడ విద్యుత్ మోటార్లను పరిశోధిస్తుండగా ఒక వింత ఆయన దృష్టిని ఆకర్షించింది. మోటారు వేగానికి సరిపోయేటట్లు దీపం మెరిస్తే, గిర్రున తిరిగే చక్రం నిశ్చలంగా నిలిచినట్లు కనిపించింది. ఈ పరిశీలన నుండే ఆయన స్ట్రోబ్ దీపం రూపుదిద్దుకున్నది. కెపాసిటర్‌లో నిల్వచేసిన విద్యుత్తు, వాయువు నింపిన గాజుగొట్టం గుండా ఒక్కసారిగా ప్రవహించి కన్ను మూసి తెరిచేలోపే మెరిసి ఆరిపోతుంది. పాలచుక్క పడినప్పుడు లేచే కిరీటాన్నీ, దూసుకుపోయే తుపాకిగుండునూ ఆయన ఈ వెలుగులోనే చిత్రించారు.

1953లో ప్రసిద్ధ సముద్రాన్వేషకుడు జాక్ కూస్తోతో ఆయనకు సహచర్యం ఏర్పడింది. కాలిప్సో నౌక నావికులు ఆయనను ప్రేమగా పాపా ఫ్లాష్ అని పిలిచేవారు. 1956లో ఆయన రూపొందించిన కెమెరా, దీపం అట్లాంటిక్ మహాసముద్రంలోని రొమాంష్ అగాధంలో సుమారు 7,500 మీటర్ల లోతుకు దిగాయి.

నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అందుచేత దీపపు తొడుగు ఎంత లోతుకు తాళగలదో ముందుగా తెలుసుకోవాలి. కాంతి ఎక్కువైనంత మాత్రాన చిత్రం బాగుంటుందనుకోవడం పొరపాటు. పొగమంచులో వాహనపు దీపాలు తెల్లని తెరను సృష్టించినట్లే, కటకానికి ఆనుకొని ఉన్న దీపం నీటిలోని రేణువులను వెలిగించి చిత్రాన్ని చెరుపుతుంది. కనుక దీపాన్ని కెమెరాకు దూరంగా, ఒక ప్రక్కగా అమర్చాలి.

తొడుగు మూతవద్ద ఉండే చిన్న రబ్బరు వలయమే పరికరానికి ప్రాణం. దానిపై ఒక వెంట్రుక గాని, ఇసుకరేణువు గాని నిలిచినా ఉప్పునీరు లోనికి చొరబడి యంత్రమంతా పాడవుతుంది. అందువల్ల ప్రతిసారీ దానిని శుభ్రపరచి, దానికి తగిన జిడ్డును పలుచగా పూయాలి. సముద్రం నుండి తీసిన వెంటనే దీపాన్ని మంచినీటిలో నానబెట్టి కడగాలి. వాడనప్పుడు బ్యాటరీలను వేరుగా భద్రపరచాలి.

సముద్రం ఎడ్గర్టన్‌కు కీర్తితోపాటు తీరని శోకాన్నీ మిగిల్చింది. 1957లో ఆయన కుమారులలో ఒకరు డైవింగ్ ప్రమాదంలో మరణించారు. అయినప్పటికీ ఆయన సాగరపరిశోధనను విడువలేదు. కాంతి చేరలేని చోటికి ధ్వనితరంగాలను పంపి, సముద్రపు అడుగును చూపే సోనార్ పరికరాలను అభివృద్ధిపరిచారు. 1916లో మునిగిన బ్రిటానిక్ నౌకను కూస్తో బృందం 1975లో కనుగొన్నప్పుడు ఆయన పరికరమే తోడ్పడింది. తాను నేర్చినది దాచుకోక విద్యార్థులకు పంచిన ఆ ఆచార్యుడు 1990 జనవరి 4న కన్నుమూశారు.

నేడు సముద్రగర్భ బావుల వాయువు గొట్టాల ద్వారా కోనసీమలోని ఓడలరేవుకు చేరుతున్నది. అటువంటి గొట్టాలను పరీక్షించాలన్నా, మునిగిన నౌకను వెదకాలన్నా నీటికి లొంగని దీపాలు, కెమెరాలు, సోనార్ పరికరాలు కావాలి. గొప్ప ఆవిష్కరణ సైతం చిన్న వలయంపట్ల చూపే శ్రద్ధపైనే నిలుస్తుందన్న సత్యం శాస్త్రవిద్యార్థులకు ఎల్లప్పుడూ స్మరణీయం.