శ్రామికుల కోసం పదవిని వదులుకొన్న గిరి

నేడు ఒడిశాలో ఉన్న బరంపురం 1936 వరకు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. ఆ పట్టణంలోని ఒక తెలుగు కుటుంబంలో 1894 ఆగస్టు 10న వరాహగిరి వేంకటగిరి జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది.

గిరి 1913లో న్యాయశాస్త్రం అభ్యసించుటకు ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. ఆ సంవత్సరమే అక్కడి యజమానులు, సంఘంలో చేరిన శ్రామికులను వేలసంఖ్యలో పనులలోనికి రానీయక తలుపులు మూసివేశారు. 1916 తిరుగుబాటు అనంతరం ఆయన ఆ దేశాన్ని వీడవలసి వచ్చింది.

స్వదేశానికి వచ్చిన గిరి, బరంపురం మీదుగా సాగే బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. 1928లో ఉద్యోగాలు కోల్పోయిన కార్మికుల పక్షాన సమ్మె నడిపారు. అది హింసకు తావులేకుండా సాగి, యాజమాన్యాన్ని దిగివచ్చేటట్లు చేసింది. 1937 ఎన్నికలలో ఆయన బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలను నిర్వహించారు.

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రి అయ్యారు. వేతన వివాదాలను కోర్టులకు ఈడ్చుటకంటె యజమాని, కార్మికసంఘం సమానులుగా కూర్చుండి పరిష్కరించుకొనుటే మేలని ఆయన వాదించారు. అదే గిరి విధానంగా ప్రసిద్ధి పొందింది. ఒక్క కార్మికుడు యజమానితో బేరమాడలేడు, సంఘం ఆడగలదు. ఆ బలమున్నప్పుడే సంపదలో కార్మికునికి న్యాయమైన వాటా దక్కుతుందని ఆయన విశ్వాసం.

1954లో ఆ విశ్వాసానికి పరీక్ష ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేటట్లు సవరించింది. తన శాఖకు చెందిన తీర్పునే తగ్గించినప్పుడు ఆ పదవిలో కొనసాగుట గిరికి సమ్మతం కాలేదు. ఆయన రాజీనామా చేశారు. మరుసటి ఏడు గజేంద్రగడ్కర్ కమిషన్ సిఫారసుల మేరకు ప్రభుత్వం చట్టం చేసి, ఆ తీర్పును చాలవరకు పునరుద్ధరించింది.

ఆ తరువాత గిరి మూడు రాష్ట్రాలకు గవర్నరుగాను, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగాను పనిచేశారు. 1975లో భారతరత్న పొంది, 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక అధ్యయన సంస్థ నేడు ఆయన పేరు ధరించి ఉంది. అధిరోహించిన పదవులు అనేకమైనా, కార్మికుల కూలి కోసం విడిచిపెట్టిన ఆ ఒక్క పదవి గిరి జీవితానికి వన్నె తెచ్చింది.