రేవులకు తాళం వేసిన అధ్యక్షుడు థామస్ జెఫర్సన్

అమెరికా అధ్యక్షుడు దిగుమతి సుంకం పెంచితే ఆ సెగ భీమవరం రొయ్యల చెరువు దాకా తగులుతుందని ఇప్పుడు మనందరికీ తెలుసు. అయితే వ్యాపారాన్నే ఆయుధం చేసుకుని ఎదుటి దేశాన్ని దారికి తేవాలన్న ఆలోచన ఈనాటిది కాదు. రెండు వందల ఏళ్ల కిందటే ఒక అధ్యక్షుడు ఆ పని చేశాడు. బయటి సరుకు మీద పన్ను వేసి ఊరుకోలేదు, ఏకంగా తన దేశపు రేవులన్నింటికీ తాళం వేశాడు. ఆయనే మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్. ఖుర్‌ఆన్ ప్రతి దగ్గర ఉంచుకున్న అధ్యక్షుడిగా, ముస్లిం రాయబారి కోసం విందు వేళ మార్చిన మనిషిగా మనలో చాలామంది ఆయన పేరు విన్నాం. ఆ విందు వెనక ఉన్నది కూడా ఓడల గొడవే.

జెఫర్సన్ 1743 ఏప్రిల్ 13న వర్జీనియాలో పుట్టాడు. అప్పటికి అది బ్రిటన్ వలస. తండ్రి పీటర్ భూములు కొలిచే సర్వేయరు, పొగాకు పండించే భూస్వామి. జెఫర్సన్‌కు 14 ఏళ్లప్పుడే ఆయన పోయాడు. కొడుక్కి భూములతో పాటు బానిసలూ వారసత్వంగా వచ్చారు. విలియమ్స్‌బర్గ్‌లో న్యాయశాస్త్రం చదువుకునే రోజుల్లో, 1765లో, జార్జ్ సేల్ ఇంగ్లిష్‌లోకి అనువదించిన ఖుర్‌ఆన్‌ను కొన్నాడు. ఆ రెండు సంపుటాలు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎలిసన్ 2007లో ప్రమాణం చేసినప్పుడు చేయి పెట్టింది ఈ ప్రతి మీదే.

ఆ కాలంలో వర్జీనియా రైతు తన పొగాకును బ్రిటన్‌కే పంపాలి. చట్టం అలా ఉండేది. ధర కట్టేది అక్కడి వర్తకులు. బట్టలు, పనిముట్లు ఖాతా మీద పంపేదీ వాళ్లే. కమిషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి పంట వేసి, మళ్లీ ఆ పంటను అతనికే తోలే మన రైతు ఎలా ఇరుక్కుపోతాడో, వర్జీనియా భూస్వాములూ అలాగే ఇరుక్కున్నారు. 1773లో మామగారు జాన్ వేల్స్ చనిపోతే, భూములతో పాటు ఆయన బ్రిటిష్ బాకీలు కూడా జెఫర్సన్ నెత్తిన పడ్డాయి. మరుసటి ఏడాదే రాసిన ఒక చిన్న పుస్తకంలో, నచ్చిన దేశంతో వ్యాపారం చేసుకోవడం ప్రజల సహజ హక్కని వాదించాడు. 1776లో ఆయన చేతి మీదుగా తయారైన స్వాతంత్ర్య ప్రకటనలోనూ, మిగతా ప్రపంచంతో తమ వ్యాపారం తెంచేశారన్నది బ్రిటన్ రాజు మీద ఫిర్యాదుల్లో ఒకటి.

దేశం స్వతంత్రమైంది కానీ అమెరికా సరుకుకు కొత్త గిరాకీ వెతకాలి. 1784లో ఆ పని మీదే జెఫర్సన్ పారిస్ వెళ్లాడు. అమెరికా పొగాకు, బియ్యం, తిమింగలం నూనె ఫ్రాన్స్‌లో అమ్ముకునేందుకు ఏళ్ల తరబడి తిరిగాడు. 1787లో ఇటలీ వెళ్లినప్పుడు అక్కడి వడ్లు బయటికి పోకుండా నిషేధం ఉందని తెలిసీ, కోటు జేబుల నిండా వడ్లు నింపుకుని తెచ్చి సౌత్ కరోలినా రైతులకు విత్తనంగా పంపాడు.

మధ్యధరా సముద్రంలో కథ వేరు. మొరాకో సుల్తాన్ ముహమ్మద్ బిన్ అబ్దుల్లా 1777లోనే అమెరికా ఓడలకు తన రేవులు తెరిచాడు. ఆ దేశంతో 1786లో కుదిరిన స్నేహ ఒప్పందం మీద అమెరికా తరఫున జెఫర్సన్, జాన్ ఆడమ్స్ సంతకాలు చేశారు. అల్జీర్స్, ట్రిపోలీ, ట్యునీస్ పాలకులు మాత్రం తమ నీళ్లలో తిరిగే ఓడల నుంచి కప్పం అడిగేవాళ్లు. యూరప్ రాజ్యాలు కట్టేవి కూడా. జెఫర్సన్‌కు అది నచ్చలేదు. 1801లో ఆయన అధ్యక్షుడు కాగానే ట్రిపోలీ పాషా యూసుఫ్ కరమాన్లీ మరింత సొమ్ము కోసం యుద్ధం ప్రకటించాడు. జెఫర్సన్ నౌకాదళాన్ని పంపాడు. నాలుగేళ్ల తర్వాత సంధి కుదిరింది. అప్పుడు కూడా ఖైదీలను విడిపించుకోవడానికి అమెరికా 60,000 డాలర్లు కట్టింది.

ఆ యుద్ధంలో అమెరికా నౌకాదళం ట్యునీస్ ఓడలను కూడా కొన్నింటిని పట్టుకుంది. వాటి సంగతి తేల్చుకోవడానికే సులేమాన్ మెల్లిమెల్లి అనే రాయబారి 1805 చివర్లో వాషింగ్టన్ వచ్చాడు. అది రమజాన్ మాసం. డిసెంబర్ 9న అధ్యక్ష భవనంలో విందు. మామూలుగా మధ్యాహ్నం మూడున్నరకు జరిగే ఆ విందును అతిథి ఉపవాసం కోసం సరిగ్గా సూర్యాస్తమయానికి మార్చారు.

ఆ రోజుల్లోనే జెఫర్సన్ చేసిన అతి పెద్ద బేరానికీ మూలం ఒక రేవే. పశ్చిమ ప్రాంత రైతుల సరుకు మిసిసిపీ నది మీదుగా న్యూ ఆర్లీన్స్ చేరి అక్కడ ఓడలెక్కాలి. 1802లో అక్కడి స్పెయిన్ అధికారులు సరుకు దించుకునే హక్కును ఆపేశారు. ఆ ఊరు కొందామని మనుషుల్ని పంపితే, 1803లో నెపోలియన్ మొత్తం లూసియానానే 1.5 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. దేశం విస్తీర్ణం దాదాపు రెట్టింపైంది.

అసలు పరీక్ష రెండో విడతలో వచ్చింది. బ్రిటన్, ఫ్రాన్స్ కొట్టుకుంటున్నాయి. నువ్వు వాళ్లతో వ్యాపారం చేయొద్దంటే నువ్వు వీళ్లతో చేయొద్దని రెండూ అమెరికా ఓడల్ని పట్టుకునేవి. 1807 జూన్‌లో బ్రిటిష్ యుద్ధనౌక లెపర్డ్ అమెరికా నౌక చెసపీక్ మీద కాల్పులు జరిపి నలుగురు నావికుల్ని లాక్కెళ్లింది. దేశమంతా యుద్ధం అంటోంది. జెఫర్సన్‌కు యుద్ధం ఇష్టం లేదు. మన గోధుమలు, పత్తి లేకపోతే వాళ్లే కాళ్లబేరానికి వస్తారని లెక్క వేశాడు. ఆర్థిక మంత్రి గల్లాటిన్ ఇది పెద్ద నష్టం తెస్తుందని ముందే హెచ్చరించాడు. అయినా 1807 డిసెంబర్ 22న ఎంబార్గో చట్టం మీద సంతకం పడింది. అమెరికా ఓడ ఏదీ విదేశీ రేవుకు వెళ్లకూడదు.

ఏడాది తిరిగేసరికి ఎగుమతులు 10.8 కోట్ల డాలర్ల నుంచి 2.2 కోట్లకు పడిపోయాయి. బోస్టన్, సేలం రేవుల్లో ఓడలు కట్టిన చోటే ఉండిపోయాయి. నావికులు, తెరచాపలు కుట్టేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు రోడ్డున పడ్డారు. దక్షిణాదిలో పత్తి, పొగాకు గోదాముల్లో మిగిలిపోయాయి. దేశంలోపలి పన్నులు జెఫర్సన్ ముందే రద్దు చేశాడు కాబట్టి ఖజానాకు ఆధారం దిగుమతి సుంకమే, అదీ ఎండిపోయింది. కెనడా సరిహద్దు మీదుగా దొంగ రవాణా జోరందుకుంది. ఎంబార్గో అన్న మాటలోని అక్షరాల్ని తిరగేసి చదివి, నన్ను పట్టుకో అనే అర్థంతో జనం వెక్కిరించారు. దొంగ రవాణా ఆపడానికి 1809 జనవరిలో ఇంకా కఠినమైన చట్టం తెచ్చారు. ప్రభుత్వానికి అధికారాలు తక్కువ ఉండాలని జీవితమంతా చెప్పిన మనిషి, సొంత రైతుల బళ్లను, పడవలను సైన్యంతో సోదా చేయించే స్థితికి వచ్చాడు. బ్రిటన్ మాత్రం దిగిరాలేదు, దక్షిణ అమెరికాలో వేరే గిరాకీ వెతుక్కుంది. 1809 మార్చి 1న, పదవి దిగడానికి మూడు రోజుల ముందు, జెఫర్సన్ తన చట్టం రద్దు మీద తానే సంతకం పెట్టాడు. తప్పించుకోవాలనుకున్న యుద్ధం కూడా 1812లో, మాడిసన్ హయాంలో, రానే వచ్చింది.

ఒక మంచి జరగకపోలేదు. బయటి బట్ట రాక న్యూ ఇంగ్లండ్‌లో నూలు మిల్లులు పెరిగాయి. మరో చట్టం కూడా ఇదే కాలంలో వచ్చింది. 1808 జనవరి 1 నుంచి బయటి దేశాల బానిసల్ని అమెరికాకు తేవడం నిషేధం. సంతకం జెఫర్సన్‌దే. కానీ అదే మనిషి జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని.

ఆయన 1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున చనిపోయాడు. అప్పటికి బాకీ లక్ష డాలర్లు దాటింది. మరుసటి ఏడాది జనవరిలో ఆయన ఇల్లు మాంటిచెల్లో దగ్గర 130 మంది బానిసల్ని వేలం వేశారు. తల్లి ఒకరికి, బిడ్డలు మరొకరికి అమ్ముడుపోయారు. జెఫర్సన్ చేసిన అప్పు వాళ్లు తీర్చారు.

ఎంబార్గోలోనూ జరిగింది అదే. పంతం లండన్‌తో, దెబ్బ తిన్నది బోస్టన్ కూలీ. తర్వాత వచ్చిన అధ్యక్షులు సుంకాలు పెంచారు, తగ్గించారు, ఒప్పందాలు చేశారు, తెంచారు. ఎవరు ఏం చేసినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: సంతకం పెట్టేది ఎవరు, దాని ఖరీదు కట్టేది ఎవరు?