కొమర్రాజువారి పరిశోధన దీక్ష

కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారి పేరు వినగానే తెలుగువారికి విజ్ఞానచంద్రికా గ్రంథమాలయు, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును స్మృతికి వచ్చును. హైదరాబాదున ఆయన పేర వెలసిన పరిశోధక మండలిని తలచువారు అరుదు. ఆ మండలి ఆయన పేరు ధరించునాటికి ఆయన జీవించి లేరు. అయినను, నా మట్టుకు నాకు, ఆయన జీవితమంతయు ఆ మండలికి జరిగిన పూర్వరంగమువలెనే తోచును.

పంతులుగారు 1877 మే 18వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. అక్క భండారు అచ్చమాంబగారి భర్తకు మధ్యపరగణాలలో ఉద్యోగమగుటచే బాలుడు అక్కవెంట నా ప్రాంతమునకు పోయి నాగపురమున చదువుకొనెను. తాను నేర్చిన చదువును అక్కకును నేర్పెను. తరువాత అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించినది ఆ అక్కయే. నాగపురవాసము వలన మహారాష్ట్రభాష ఆయనకు రెండవ మాతృభాష యయ్యెను. ఆ దినములలో మహారాష్ట్ర పండితులు పాతవాడల అటకలమీది కాగితపు కట్టలను దింపి తమ చరిత్రమును తిరిగి వ్రాసికొనుచుండిరి. రాజ్వాడే పండితుడు తాను సేకరించిన లేఖల తొలి సంపుటమును 1898లో ప్రకటించెను. 1910లో పూనాయందు మిత్రులతో కలసి భారత ఇతిహాస సంశోధక మండలమును నెలకొల్పెను. ఆ గాలి మన యువకునకు సోకకుండునా?

కలకత్తా విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టము నందిన పంతులుగారు మునగాల సంస్థానమున దివానుగా కుదిరిరి. మునగాల చిత్రమైన పరగణా. అది కృష్ణా జిల్లాలోనిదే; కాని నలువైపుల నున్నది నైజాము సీమ. ఇంగ్లీషు ఏలుబడి ఆంధ్రమును, నైజాము ఆంధ్రమును ఒక్కచూపున చూచుటకు అంతకంటె తగిన గట్టు లేదు. రాజా నాయని వెంకటరంగారావుగారు విద్యాప్రియులు. ఆ సంస్థానపు వ్యవహారములు పంతులుగారి కాలమును చాల మ్రింగినమాట నిజమే. అయినను ఆ కొలువే లేనిచో ఆయనకు అన్నమెక్కడిది, గ్రంథములెక్కడివి?

1901 సెప్టెంబరు 1న హైదరాబాదు రామకోటిలో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. మునగాల రాజాగారు, రంగారావుగారు, పంతులుగారు దానికి మూలపురుషులు. రాజభాష ఉర్దూగా నున్న నగరమున తెలుగు పుస్తకమునకు ఒక గూడు కట్టుట చిన్నపని కాదు. 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మున్నగువారితో కలసి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. చందాదారులను చేర్చుకొని, వారి సొమ్ముతోనే పుస్తకములు అచ్చువేయించి వారికే అందించు పద్ధతి అది. ఏ పని చేసినను ఒక్కడుగా చేయకుండుట పంతులుగారి స్వభావము. పండితుడు పోయిన వెనుక తాళపత్రములు చెదలపాలగుట మనము ఎరుగనిది కాదు; మండలి యున్నచో అవి నిలుచును.

చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము 1910లో ఈ మండలి పక్షముననే వెలువడెను. అంతవరకు మన చరిత్రమనగా కైఫీయతులు, పుక్కిటి పురాణములు. ఒక్క నిదర్శనము చాలును. ప్రతాపచరిత్రమువంటి గ్రంథములు రుద్రమదేవిని గణపతిదేవుని భార్యగా చెప్పినవి. ఆమె ఆయన కూతురని తేల్చినవి శాసనములు. ఆ రాణి ఎప్పుడు మరణించినదో ఏ కావ్యమును చెప్పలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలోని శిలాశాసనము, 1289 నవంబరు 27 నాటిది, ఆమె శివసాయుజ్యము పొందిన సంగతిని చెప్పినది. దానిని వేయించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. పువ్వుల ముమ్మడి యను ఒక సేవకుడు! పంతులుగారి కాలమునకు ఈ శాసనము లోకమునకు తెలియదు. ఇట్టివి ఎన్ని యూళ్లలో పడియున్నవో యను తలపే ఆయనవంటివారిని నిద్రపోనీయనిది.

తరువాత మద్రాసున ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి, అకారమైనను ముగియలేదు. అంతటి భారమును తలకెత్తుకొనుట అవివేకమని అనదలచినవారు అనవచ్చును, నేను అనజాలను. ఉబ్బసపు వ్యాధి ఒకప్రక్క, సంస్థానపు పనులు మరొకప్రక్క పీడించుచుండగా 1923 జూలైలో, నలుబదియారవ యేట, పంతులుగారు మద్రాసున కన్నుమూసిరి.

అప్పటికి హైదరాబాదున ఆంధ్రజనసంఘము పుట్టి రెండేండ్లు కాలేదు. 1921 నవంబరులో వివేకవర్ధనీ పాఠశాలయందు జరిగిన సభలో ఒక వక్త తెలుగున ప్రసంగింపగా కొందరు అవహేళన చేసిరి. ఆ అవమానము నుండి పుట్టినది ఆ సంఘము. దాని నీడలో పెరిగిన పరిశోధక సంస్థకే పంతులుగారి పేరుపెట్టి లక్ష్మణరాయ పరిశోధక మండలి యనిరి. ఆదిరాజు వీరభద్రరావుగారు కార్యదర్శియై దానిని మోసిరి. ప్రభుత్వమునకు 1914 నుండియు పురావస్తుశాఖ కలదు. కాని ఊరూర తిరిగి తెలుగు రాళ్లను వెదకు పనికి ఊరివాని భాష తెలిసిన మనిషి కావలెను గదా!

ఆ పని ఎట్టిదో చూచినవారికే తెలియును. రాతిని నీళ్లతో కడిగి, కుచ్చుతో మట్టిని తోమి, తడికాగితమును పరచి, అక్షరముల పల్లములలోనికి దిగునట్లు కుచ్చుతో కొట్టవలెను. కొంచె మారిన వెనుక సిరా అద్దినచో నల్లని నేలమీద తెల్లని అక్షరములు లేచును. గాలి వీచినచో కాగితము చినుగును. ఎండ హెచ్చినచో ముందే ఆరి ఊడిపోవును. రాతిక్రింద నిధి యున్నదని ఊరివారి అనుమానము వేరు. ఇట్లు కూర్చిన శాసనములను మండలి తెలంగాణా శాసనములు అను పేర 1935లో ప్రకటించెను. రెండవ భాగము 1960లో వచ్చెను.

కొన్నేండ్ల క్రిందట విద్యార్థులతో ఒక పల్లెకు పోయితిని. దేవాలయపు వాకిట మెట్టుగా పరచిన రాతిమీద లిపి కనబడెను. పిల్లలు ఉత్సాహముతో బిందెలతో నీరు తెచ్చి కడిగిరి. నడుమ నున్న పంక్తులన్నియు భక్తుల పాదముల క్రింద అరిగిపోయినవి. దానమిచ్చిన వాని పేరు లేదు, ఏలిన రాజు పేరు లేదు. గోడప్రక్కకు ఒదిగిన అంచున శకవర్షమనుమాట మాత్రము నిలిచియున్నది; దాని తరువాతి అంకెలు లేవు. పూజారిని అడుగగా, తన తాతగారి కాలమున ఆ రాయి నిలువుగా నుండెడిదనియు, గుడి బాగుచేసినప్పుడు పడగొట్టి మెట్టుగా పరచిరనియు చెప్పెను.