మార్లవాయి మట్టిలో కలిసిన హైమన్‌డార్ఫ్, బెట్టి ఎలిజబెత్



మన సమాఖ్య నివేదికలో పొదుపులు, అప్పులు, వసూళ్ళ లెక్కలతో పాటు ఒక మంచి మనిషి జీవితం కూడా చదువుకుంటే బాగుంటుంది. ఈసారి మేము హైమన్‌డార్ఫ్ గారి గురించి రాస్తున్నాం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. మిగతా జిల్లాల్లో చాలామందికి ఆయన సంగతి తెలియదు.

ఆయన పూర్తి పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో ఆస్ట్రియా దేశం వియన్నా పట్నంలో కలిగిన ఇంట్లో పుట్టారు. మానవ శాస్త్రం చదివారు. అంటే ఏ జాతి మనుషులు ఎట్ల బతుకుతారు, పెళ్ళిళ్ళు, పండుగలు, ఎవుసం ఎట్ల చేస్తారు అని వాళ్ళ మధ్యనే ఉండి చూసి పుస్తకం రాసే చదువు. 1936లో మన దేశం వచ్చి నాగా కొండల్లో ఉండి అక్కడి వాళ్ళ గురించి రాశారు. 1938లో ఎలిజబెత్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆమెను బెట్టి అనేవారు.

1939లో మళ్ళీ వచ్చారు. ఆ ఏడే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అంతకుముందే జర్మనీ కలుపుకుంది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ సర్కారు లెక్కలో ఆయన శత్రుదేశపు మనిషి అయిపోయారు. సొంత ఊరికి పోలేరు, నాగా కొండలకూ పోలేరు. నైజాం రాజ్యం దాటి పోవద్దనే కట్టడి మీద హైదరాబాద్‌లో ఉండనిచ్చారు. ఉన్నచోటనే పని చూసుకుందామని భార్యాభర్తలిద్దరూ నల్లమల అడవిలో చెంచుల దగ్గరికి, ఆ తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గరికి వెళ్ళారు. అప్పటికి ఆయన పని చూడడం, రాసుకోవడం వరకే.

ఆ పని మారింది ఆదిలాబాద్‌లో. అక్కడ గోండులు, కొలాములు తాతల నాటి నుంచి దున్నుకున్న భూములకు కాగితం లేదు. భూమి కాగితంలో ఎక్కాలని వాళ్ళకు తెలియదు. బయటి నుంచి వచ్చినవాళ్ళు పట్వారిని పట్టుకుని ఆ భూములు తమ పేర రాయించుకున్నారు. ఇంకోపక్క జంగ్లాత్ వాళ్ళు హద్దులు వేసి, పోడు చేసుకునేవాళ్ళను ఊర్లతో సహా లేపేశారు. ఆ అన్యాయం మీదనే కుమ్రం భీం లేచాడు. 1940లో జోడేఘాట్‌లో నైజాం పోలీసుల కాల్పుల్లో ప్రాణం వదిలాడు.

భీం చనిపోయాక గానీ సర్కారుకు భయం పట్టలేదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకుని చెప్పమని హైమన్‌డార్ఫ్ గారిని పంపింది. ఈ మాట మనం మరిచిపోవద్దు. ఆయన మంచివారే, కానీ ఆయనకు దారి వేసింది భీం రక్తం.

ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో భార్యాభర్తలు గుడిసె వేసుకున్నారు. గోండి నేర్చుకున్నారు. బెట్టి గారు ఊరికే తోడు వచ్చిన మనిషి కాదు. గోండుల మీద వచ్చిన పుస్తకంలో ఆమె పనికీ భాగం ఉంది, పేరూ ఉంది. అడవిలో, ఆస్పత్రి లేని చోట, పరాయి దేశపు ఆడమనిషి అట్ల ఉండడం ఎంత కష్టమో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

అక్కడ ఉన్నకొద్దీ ఆయనకు ఒకటి అర్థమైంది. భూమి పోతున్న మనుషుల పండుగల గురించి పుస్తకం రాసి పెడితే వాళ్ళ కడుపు నిండదు. అందుకని సర్కారుకు ఏం చేయాలో రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. 1945లో నైజాం సర్కారు ఆయన్ని గిరిజనుల, వెనుకబడిన తరగతుల సలహాదారుగా పెట్టుకుంది. పరిశోధన చేసే మనిషి పనిచేసి పెట్టే మనిషి అయ్యారు.

ఆయన పట్టుకున్నవి ముఖ్యంగా రెండు. మొదటిది పట్టా. గోండులు, కొలాములు దున్నే భూమిని లావణి పట్టాల కింద వాళ్ళ పేరనే రాయించే ఏర్పాటు చేయించారు. భూములు మింగినవాళ్ళకు, కింది ఉద్యోగులకు ఇది నచ్చలేదు. అయినా 1949 నాటికి దాదాపు 1,60,000 ఎకరాలు గిరిజనుల పేర ఎక్కాయి.

రెండోది బడి. పిల్లలకు వచ్చింది గోండి, సర్కారు బడిలో చెప్పేది వేరే భాష. బయటి పంతులు అడవిలో నిలిచేవాడు కాదు. అందుకని 1943లో మార్లవాయిలో బడి పెట్టించి, కాస్త అక్షరం వచ్చిన గోండు యువకులనే పంతుళ్ళుగా తయారు చేశారు. గోండి మాటలతోనే వాచకాలు అచ్చు వేయించారు. అక్కడ మరాఠీ చదివినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ లిపిలోనే గోండి రాశారు. ఇంటి మాటతో చదువు మొదలైతే పిల్ల భయపడదు. ఇది మన అంగన్‌వాడీల్లో మనం చూస్తున్నదే.

తర్వాత ఆయన లండన్ వెళ్ళి అక్కడి యూనివర్సిటీలో చాలాకాలం చదువు చెప్పారు. 1970ల్లో మళ్ళీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే మనసు విరిగిపోయేంత పని జరిగింది. రోడ్లు పడ్డాయి, జనం దిగారు, గిరిజనుల భూములు మళ్ళీ చేతులు మారాయి. అప్పుకో, మాయమాటకో, తెల్ల కాగితం మీద వేలిముద్రకో పోయాయి. 1/70 చట్టం ఉన్నా ఆ పోవడం ఆగలేదు. ఆ బాధనంతా 1982లో ఒక పుస్తకంలో రాశారు.

1987 జనవరి 11న బెట్టి గారు హైదరాబాద్‌లో చనిపోయారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో హైమన్‌డార్ఫ్ గారు లండన్‌లో కన్నుమూశారు. భార్య పక్కనే ఉండాలన్నది ఆయన కోరిక. తర్వాతి కాలంలో కొడుకు అస్థికలు తెచ్చి ఆమె పక్కన కలిపారు. ప్రతి జనవరి 11న మార్లవాయి వాళ్ళు ఇద్దరికీ వర్ధంతి చేస్తారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి!

ఇందులో మనం తీసుకోవాల్సింది ఏమిటని మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎంత మంచి మనిషి వచ్చి ఇప్పించినా, ఇచ్చినదాన్ని కాపాడుకునేది మనమే. పట్టా ఇప్పించిన మనిషి ఎప్పటికీ పక్కన ఉండడు. సంఘం మాత్రం ఉంటుంది. మన ఇళ్ళల్లో పట్టాదారు పాసుబుక్కు ఎవరి పేర ఉందో, బ్యాంకు అప్పు కాగితంలో ఎంత రాశారో, తీర్మానాల పుస్తకంలో మనం సంతకం పెట్టిన చోట పైన ఏముందో ఎంతమందిమి చదివి చూసుకున్నాం? చదువు రాని అక్క ఉంటే పక్కనున్న చెల్లె చదివి వినిపించాలి. వినకుండా వేలు పెట్టవద్దు.

ఈ కథను వచ్చే నెల సమావేశంలో ఒకరు గట్టిగా చదివి అందరికీ వినిపించాలని, ఆ రోజే ప్రతి సభ్యురాలు తన పాసుబుక్కు తెచ్చి అందరి ముందు చదివించుకోవాలని మేము కోరుతున్నాం.