ఆనందరాయరు చరిత్రము: ఎడబాటును జయించిన ప్రేమ

ఎడబాసిన దంపతులు మరల కూడుట మన దేశపు కథలకెల్ల ప్రియమైన విషయము. నలుడు దమయంతిని అడవిలో విడిచిపోయెను. దుష్యంతుడు శకుంతలను మరచెను. తుదకు వారు కలిసికొనిన ఘట్టమును చదువునప్పుడు మన కన్నులు చెమర్చును. క్రైస్తవ కుటుంబములలో చదువబడు నవలలయందును ఈ ఇతివృత్తమే తరచుగా కానవచ్చును. తొలిప్రేమ చల్లారును, మనసులు విరుగును, క్షమాగుణముచేత ఆరిన దీపము మరల వెలుగును. అట్టి నవలలను ఇష్టముతో చదువు మన విద్యార్థినీ విద్యార్థులకు కల్పన కాని కథ నొకదానిని విన్నవింప దలచితిమి. ఈ కథ మన విశాఖపట్టణముతో సంబంధము గలది. ఇందలి పురుషుడు తెలుగు బైబిలు చరిత్రయందు ప్రసిద్ధికెక్కిన ఆనందరాయరు.

ఆయన మొదటి పేరు సుబ్బరాయరు. మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, తెలుగుదేశమున పెరిగినవాడగుటచేత మరాఠీయు తెలుగును సమానముగా, సొంపుగా మాటలాడగలవాడు. నొస్సము ఆయన కుటుంబము నివసించిన యూరు. వారికి భూవసతియు, బంధుబలమును, గౌరవమును గలవు. యౌవనమున ఆయన టిప్పు సుల్తాను సైన్యమందలి యొక పటాలమునకు లెక్కలు వ్రాయు ఉద్యోగమున నుండెను. 1799లో శ్రీరంగపట్టణము కూలి టిప్పు మరణించిన పిమ్మట ఒక ఇంగ్లీషు సేనాధికారియొద్ద అట్టి కొలువే సంపాదించెను. అప్పటికే వివాహితుడు. ఇంట భార్య గలదు, చేతిలో ఉద్యోగము గలదు. లోకము దృష్టిలో కొరత యేమియు లేదు.

అయినను ఆయన మనస్సునకు శాంతి లేకుండెను. రాజ్యములు తారుమారగుట కన్నులార చూచినవానికి, నిలిచియుండు సుఖమేది యను ప్రశ్న పుట్టుట వింత కాదు. ఒక వృద్ధ బ్రాహ్మణుడు ఆయనకొక మంత్రము నుపదేశించి, దానిని నాలుగు లక్షల మారులు జపించిన యెడల నిత్యానందము లభించునని చెప్పెను. సుబ్బరాయరు పనులన్నియు మాని, ఒక దేవాలయమున కూర్చుండి, శరీరమును కృశింపజేయు నియమములతో ఆ జపము చేసెను. విధించిన సంఖ్యకు మించియే జపించెను. ఆరుమాసములు గడచెను గాని ఆయన వెదకిన నెమ్మది దొరకలేదు. ఇక ఇల్లు చేరి పూర్వమువలె సంసారము చేసికొందునని నిశ్చయించి, నొస్సమునకు తిరుగు ప్రయాణమయ్యెను.

ఆ దారిలో ఆయనకొక రోమను కతోలిక క్రైస్తవుడు తటస్థించెను. వారిరువురును దైవవిషయములు ముచ్చటించుకొనిరి. ఆ బాటసారి తెలుగున వ్రాయబడిన రెండు క్రైస్తవ గ్రంథముల నిచ్చిపోయెను. సుబ్బరాయరు వాటిని శ్రద్ధగా చదివి, అందలి బోధకు ఆశ్చర్యపడి, ఈ మతమును గూర్చి ఇంకను విచారించెదను, సత్యమని తోచినచో స్వీకరించెదను అని తలచెను. అంతట నొక రోమను గురువును ఆశ్రయించెను. ఆ గురువు తొందరపడువాడు కాడు. క్రొత్తగా వచ్చినవానిని వెంటనే నమ్మక, ముందుగా ఇంటికి పోయి బంధువులను, భార్యను చూచి రమ్మని ఆజ్ఞాపించెను. ఈ ఆజ్ఞ వివేకముగలది. ఇంటివారి కన్నీరు చూచి కూడ చలింపని నిశ్చయమే నిశ్చయమని ఆయన అభిప్రాయము కాబోలు.

సుబ్బరాయరు ఇల్లు చేరి తన సంకల్పమును తెలిపెను. ఇంటిల్లిపాదియు దిగ్భ్రాంతులైరి. వారిని మనము నిందింపరాదు. కులము విడిచినవాడు చచ్చినవానితో సమానమని ఎంచుచుండిన ఆ కాలమున, ఒక్కని నిర్ణయము ఇల్లంతటికిని అపకీర్తి తెచ్చునది. ఆడపిల్లల పెండ్లిండ్లు మొదలు పెద్దల కర్మకాండల వరకు అన్నిటికిని అది ఆటంకమే. కావున వారు బెదరింపులకన్న ముందు బ్రతిమాలుటను ఆశ్రయించిరి. పెద్ద మొత్తము ధనము నిచ్చెదమనియు, కుటుంబపు ఆస్తి నంతటిని ఆయన యొక్కని అధికారమునకే అప్పగించెదమనియు చెప్పిరి. ఆయన ఆత్మరక్షణ ముందు ఆ ధనము తనకు తృణప్రాయమని స్పష్టపరచెను.

ఇక భార్య మాట. ఆమెకు ఆయనతో పోవుటకు ఇష్టము లేకపోయెను. ఇష్టమున్నను పెద్దలు పోనిచ్చువారు కారు. సుబ్బరాయరు ఆమెను పుట్టినవారి నడుమ విడిచి ఒంటరిగా బయలుదేరెను. ఈ చోట మనము కొంచెమాగి ఆలోచింపవలెను. భక్తుల చరిత్రలు వ్రాయువారు సాధారణముగా విడిచిపోయిన వాని ధైర్యమును కొనియాడి, విడువబడిన దాని దుఃఖమును ఒక్క వాక్యముతో దాటిపోదురు. అది న్యాయము కాదు. ఆరుమాసములు జపమునకై దూరమై, తిరిగి వచ్చెనన్న సంతోషము తీరకమునుపే మరల వెడలిపోయిన భర్తను గూర్చి ఆ ఇల్లాలి మనస్సున కోపము గూడుకట్టుకొనిన ఆశ్చర్యమేమి? తన వెంట అడుగిడని భార్యను గూర్చి ఆయన మనస్సున నొప్పి కలిగిన ఆశ్చర్యమేమి? ఇరువురియందును గాయమున్నది. ఇరువురును క్షమింపవలసినవారే, క్షమింపబడవలసినవారే.

ఆయన మరల గురువుయొద్దకు చేరెను. గురువింకను సందేహించుచుండగా, యజ్ఞోపవీతమును అప్పగించుటకును శిఖను తీయించుకొనుటకును తాను సిద్ధమని చెప్పెను. ఆ పని జరిగిన వెనుక బ్రాహ్మణుడు తిరిగి కులమున చేరుటకు దారియుండదు. ఇంతటి స్థైర్యమును చూచిన గురువు ఆయనకు బోధచేసి బాప్తిస్మమిచ్చెను. సుబ్బరాయరను పేరు పోయి ఆనందరాయరను పేరు వచ్చెను. నాలుగు లక్షల జపముచేత దొరకని ఆనందము ఆయన పేరునందే నిలిచెను.

కొన్ని మాసములకు ఆ గురువు గోవాకు పిలువబడెను. పోవునప్పుడు ఆయన ఆనందరాయరును పుదుచ్చేరికి పొమ్మని చెప్పెను. అచ్చట పెద్ద సంఘమును, గొప్ప పండితులైన గురువులును గలరనియు, తెలుగు బ్రాహ్మణు నొకని పంపుమని వారు వ్రాసియున్నారనియు తెలిపెను. ఆనందరాయరు ఆశతో అక్కడికి పోయెను గాని, పెక్కు విషయములందు ఆశాభంగమే పొందెను. అయితే ఆ పుదుచ్చేరిలోనే ఆయన జీవితమందలి మిక్కిలి మధురమైన సంఘటన జరిగెను. నొస్సమున విడిచివచ్చిన భార్య ఆయనను అక్కడ కలిసికొనెను.

ఆమె బంధువుల నడుమ బహు బాధలు పడి, తుదకు భర్తను చేరవలెనని నిశ్చయించుకొని వచ్చెను. దక్షిణ దేశమున తొలి ప్రయాణికుల రైలు 1856లో గాని నడువలేదు. అంతకు అర్ధ శతాబ్దమునకు ముందటి మాట యిది. యుద్ధములు ముగిసి ఎంతో కాలము కాని ఆ దినములలో స్త్రీ తన ఇల్లు వదలి దూరదేశమునకు పోవుట ఎంతటి సాహసమో ఊహించుకొనుడు. వెనుకకు చూచిన పుట్టినింటి తలుపు మూయబడినది. ముందుకు చూచిన తనను విడిచిపోయినవాడే గతి. అతడు ఆదరించునో లేదో యను భయముండక మానదు. అయినను ఆమె వచ్చెను. పోయిన భర్త వెంట వెదకుచు వచ్చిన దమయంతికన్న ఈమె ఏ విధమున తక్కువ? ఆమెను చూచుట ఆనందరాయరునకు గొప్ప సంతోషమును కలిగించినదని చరిత్ర చెప్పుచున్నది. ముందు రాలేదేమని తప్పెంచుటకు గాని, నన్నేల విడిచితివని దెప్పిపొడుచుటకు గాని ఆ సంతోషములో చోటు లేదు. క్షమ యనునది కొన్నిసార్లు మాటలతో పుట్టదు. ఒకరు నడచి వచ్చుటయందును, మరియొకరు ఎదురేగుటయందును అది కనబడును.

అక్కడనుండి ఆనందరాయరు తరంగంబాడికి పోయెను. అచ్చట డేనిషు మిషనువారి సంఘమును, పాఠశాలలును, తమిళ బైబిలును గలవనియు, ఆ దేవాలయములలో ప్రతిమలుండవనియు వినెను. ప్రతిమల విషయమై ఆయనకు ముందునుండియు అయిష్టమే, రోమను గురువులతో వాదించియు నుండెను. తరంగంబాడి బోధకులు కూడ మొదట ఆయనను అనుమానించిరి. ఇంటివారు కాదన్నారు, గురువు సందేహించెను, ఇప్పుడు వీరును నమ్మరైరి. మరియొకడైనచో మనసు చేదు చేసికొని వెడలిపోవును. ఆనందరాయరు కోపగింపక మాసముల తరబడి అక్కడనే నిలిచి, ఆరాధనలకు తప్పక పోవుచు, అంతకుముందు ఎన్నడును చూడని బైబిలును దీక్షతో చదువుచు వచ్చెను. క్రమముగా వారి అనుమానము తొలగి, ఆయనను ప్రభువు బల్లకు చేర్చుకొనిరి. తమిళమునుండి తెలుగునకు తర్జుమా చేయుట ఆయన అక్కడనే ఆరంభించెను. మద్రాసులోనో తంజావూరులోనో మంచి ఉద్యోగ మిప్పించెదమని స్నేహితులు చెప్పినను, సంఘసేవ తప్ప వేరేమియు వలదని ఆయన నిరాకరించెను.

ఇదే కాలమున విశాఖపట్టణమున లండను మిషను పని నడుచుచుండెను. జార్జి క్రాన్, ఆగస్టసు డెస్ గ్రాంజెస్ అను ఇరువురు దొరలు 1804లో డేనిషు ఓడపై తరంగంబాడిలో దిగి, 1805లో విశాఖపట్టణము చేరి, తెలుగు నేర్చుకొనుచు, పాఠశాల నడుపుచు, సువార్తలను తెలుగు చేయ పూనుకొనియుండిరి. భాష యొక్క లోతు తెలిసినవాడును, గ్రంథమునందు నమ్మిక గలవాడును వారికి కావలసియుండెను. ఆనందరాయరునకు తన తెలుగు జనుల నడుమ పని కావలసియుండెను. 1808 నాటికి ఆ రెండు కోరికలును మన పట్టణపు సముద్రతీరమున కలిసికొనెను. అప్పుడాయనకు సుమారు ముప్పది సంవత్సరములు.

ఆ పని సుఖముగా సాగలేదు. 1809లో క్రాన్ దొర జ్వరముచే మరణించెను. 1810లో డెస్ గ్రాంజెస్ దొరయు గతించెను. అయినను మత్తయి, మార్కు, లూకా సువార్తల తర్జుమా ముగిసియుండుటచేత అవి 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. అంతకు పూర్వము బెంజమిను షుల్ట్‌జ్ అను జర్మను బోధకుడు చేసిన తెలుగు తర్జుమా అచ్చుకాక వ్రాతప్రతిగనే యుండిపోయెను. కావున తెలుగువారి చేతికి ముద్రితరూపమున వచ్చిన మొదటి సువార్తలు విశాఖపట్టణమున తయారైనవే. తరువాత ప్రిచ్చెట్టు దొర క్రొత్త నిబంధనమును పూర్తిచేయగా అది 1818లో మద్రాసులో ముద్రితమయ్యెను. సంపూర్ణ బైబిలు 1854లో వెలువడెను.

ఆ మూడు సువార్తలలో నేమున్నదో చూడుడు. సహోదరుని ఎన్నిమారులు క్షమింపవలెనని పేతురు అడుగగా, ఏడుమారులు కాదు, ఏడు డెబ్బదులమారులని క్రీస్తు నేర్పిన పాఠము మత్తయిలో నున్నది. తప్పిపోయిన కుమారుడు ఇంకను దూరముగా నుండగానే తండ్రి పరుగెత్తి ఎదురేగిన ఉపమానము లూకాలో నున్నది. దూరమునుండి వచ్చిన భార్యను చేర్చుకొనినవాడు, అనుమానించినవారిపై కోపము పెట్టుకొననివాడు ఆ వాక్యములను తెనిగించుటయందు పాలుగొనెను. తన బ్రదుకులో ముందే చదివిన పాఠమును ఆయన తరువాత కాగితముపై వ్రాసెనని చెప్పవచ్చును. పండితులు పెక్కుమంది యుందురు గాని, తాను తెనిగించు మాటయొక్క వెల చెల్లించిన పండితుడు అరుదు.

ఎఫెసు సంఘము మంచిపనులనేకము చేసినను మొదటి ప్రేమను విడిచినదని ప్రకటన గ్రంథమున నిందింపబడినది. మొదటి ప్రేమను విడుచుట సులభము. దానిని మరల వెలిగించుటకు ఒకరు తమ గర్వమును, మరియొకరు తమ భయమును వదలవలెను. నవలలలో ఈ పని చివరి పుటలో జరిగి కథ ముగియును. ఆనందరాయరు దంపతులకైతే అది కథ నడుమ జరిగినది. ఆయన చేసిన గొప్ప పనియంతయు ఆ పునస్సమాగమమునకు తరువాతిదే.

ప్రియ విద్యార్థులారా, నేటి విశాఖపట్టణము 1933లో తెరువబడిన ఓడరేవునకును, తరువాత వెలసిన ఉక్కు కర్మాగారమునకును పేరుగాంచినది. ఇనుమును కరగించి అతుకుట ఇక్కడివారు బాగుగా నెరుగుదురు. విరిగిన మనస్సుల నతుకుటకును అంతటి వేడిమియే కావలెను. ఇంట తోబుట్టువుతో గాని, తరగతిలో స్నేహితునితో గాని మీకు మాట పట్టింపు వచ్చినప్పుడు, దూరమార్గము నడచి పుదుచ్చేరి చేరిన ఆ ఇల్లాలిని, ఆమెను చూచి సంతోషించిన ఆ భర్తను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ముందడుగు వేయువారు తక్కువవారు కారు. తలిదండ్రులారా, మీ పిల్లలు తెలుగు బైబిలును తెరచునప్పుడు, అది మన యూరి తీరమున, ఎడబాటును ఎరిగిన యొక తెలుగు గృహస్థుని సాయముతో మొలకెత్తినదని వారికి చెప్పుడు.