రాళ్లను చదివిన కింగ్

భద్రాచలం వెళ్లే యాత్రికులు ఇల్లెందు దగ్గర నల్లరాళ్లతో పొయ్యి పెడితే, రాళ్లే అంటుకున్నాయట! ఖమ్మం వైపు చెప్పుకునే కథ ఇది. ఆ రాళ్ల సంగతి తేల్చింది విలియం కింగ్.

ఆయన తండ్రి ఐర్లాండ్‌లోని గాల్వేలో జియాలజీ ప్రొఫెసర్. నియాండర్తల్ మానవుడికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. కొడుకు మాత్రం జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి మన అడవుల బాట పట్టారు. ఇటు రైలే రాని రోజులవి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించారు. 1887లో సర్వేకు డైరెక్టరయ్యారు. 1889లో ఇల్లెందులో తవ్వకాలు మొదలయ్యాయి. సింగరేణికి పునాది అదే. అక్కడి ఓ బొగ్గు పొర పేరు నేటికీ కింగ్ సీమ్.

ఇప్పుడు వేట ఈవీ బ్యాటరీల లిథియం, కోబాల్ట్, నికెల్ కోసం. పాత బ్యాటరీలను పొడి చేసి, యాసిడ్‌లో కరిగించి వీటిని మళ్లీ తీయొచ్చు. ఆ మేరకు గనుల కోసం అడవి కొట్టక్కర్లేదు. కానీ ఆ యాసిడ్ నీళ్లు వాగులో కలవకుండా శుద్ధి చేయాలి. కెమిస్ట్రీ, మెటలర్జీ చదివినవాళ్లకు పని అక్కడే. జియాలజీ వాళ్లకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఎలాగూ ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఇల్లెందు బొగ్గు ఆఫీసులో కూర్చుంటే దొరకలేదు. ఫీల్డ్ ట్రిప్ ఎగ్గొట్టకండి!